అదను దాటుతోంది, లేవండి!

నా ఈడువాళ్లారా! ముందు ఒక గింజ సంగతి చెప్పనివ్వండి.

మొన్న మృగశిర కార్తెలో మా చేనికి ఒక్క మంచి వాన పడింది. పదును చాలుతుందని మా జేజినాయన కూలీలను పిలిచి పత్తి విత్తనం పెట్టించాడు. ఆ తర్వాత మూడు వారాలు చినుకు లేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన సాలు పక్కన గొంతుక్కూర్చుని చూపుడువేలితో నల్లరేగడిని తవ్వాడు. వేలికొక గింజ తగిలింది. ఉబ్బి, పగిలి, తెల్లటి మొలక బయటికి పెట్టి, అక్కడికక్కడే మాడిపోయిన గింజ. దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "కరువు చూసినా. వరద చూసినా. వానకు మతి తప్పడం మాత్రం ఇప్పుడే చూస్తాండా రా."

వానకు మతి తప్పిందా, ఎవరైనా తప్పించారా? ఆయన తరం ఆ మాట దేవుణ్ని అడిగింది. కప్పకు కావడి కట్టి ఊరంతా తిప్పి మరీ అడిగింది. మరి మనం ఎవరిని అడుగుతున్నాం? అసలు అడుగుతున్నామా?

నందికొట్కూరు బస్టాండు ముందు టీ అంగడి దగ్గర పొద్దున పదిగంటలకు నిలబడి చూడండి. ఇరవై దాటిన కుర్రాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. డిగ్రీ ఉంది, ఒంట్లో బలముంది, చేతిలో ఫోనుంది, మధ్యాహ్నం దాకా చేయడానికి పని మాత్రం లేదు. సగం మంది నంద్యాల కోచింగుకు పోయి వచ్చినవాళ్లే. నేనూ వాళ్లలో ఒకణ్ని. గ్రూప్-2కు నేనూ చదివాను, పర్యావరణం పుస్తకం అట్టలు ఊడేదాకా చదివాను. పారిస్ ఒప్పందం ఏ సంవత్సరం? 2015. టిక్కు! భూమిని వేడెక్కించే వాయువుల్లో ప్రధానమైనది ఏది? కార్బన్ డయాక్సైడ్. టిక్కు! ఒక్క మార్కుకు ఒక్క టిక్కు! ఆ జవాబు మా చేలో మాడిన గింజలో ఉందని అన్ని నెలల్లో ఒక్కసారైనా నాకు తట్టలేదు. మీకు తట్టిందా? మన జేజినాయన బతుకును మనం బిట్టు ప్రశ్నగా బట్టీ పట్టామే, ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంది!

"సీమకు కరువు కొత్తా?" అంటారు మీలో కొందరు. కొత్త కాదు, నాకూ తెలుసు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి పోసిన కథ మనందరి ఇళ్లలోనూ చెప్పుకుంటారు. 1876లో మొదలైన ధాతు కరువు ముగిసేసరికి కర్నూలు జిల్లా జనంలో నాలుగో వంతు లెక్కలో లేకుండా పోయింది. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానను కాజేసిన ఎల్ నినో దానికొక కారణం. మనవాళ్లు ఆకలితో చస్తుంటే గింజలను రేవులకు తరలించనిచ్చిన తెల్లదొరల పాలన ఇంకో కారణం. ఆ కరువుల్లో సముద్రం పాత్ర ఉంది, పాలన పాపం ఉంది. అయినా ఆకాశం మాత్రం అప్పటికి ఆకాశంగానే ఉంది. నాలుగేళ్లకో పదేళ్లకో తిరిగి తన దారికి వచ్చేది, ఆరుద్ర ఆరుద్రలాగే కురిసేది. ఇప్పుడు మనం చూస్తున్నది అది కాదు. ఇప్పుడు ఆకాశాన్నే మార్చేశారు!

ఎలా మార్చారో రెండు ముక్కల్లో చెబుతాను, ఇది మనందరం కంఠతా పెట్టవలసిన సంగతి. కోట్ల ఏళ్లు భూమి కడుపులో పూడుకుపోయి ఉన్న బొగ్గునూ చమురునూ నూటయాభై, రెండొందల ఏళ్లలో తవ్వి తగలబెట్టారు. అడవులు నరికారు. ఆ పొగలో చాలా భాగం ఎక్కడికీ పోలేదు, మన నెత్తిమీదే కంబళిలా పరుచుకుంది. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో ప్రతి పదిలక్షల భాగాలకు 280 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్, హవాయి కొండమీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. ఇవాళ 420 దాటింది. పగలు ఎండ లోపలికి వస్తుంది, నేల వదిలే వేడి అంతా ఆ కంబళి దాటి బయటికి పోలేకపోతోంది. ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిన ముచ్చటా? కాదు! బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్కగట్టి చూపాడు. ధాతు కరువులో పుట్టిన బిడ్డకు ఇరవై ఏళ్లు రాకముందే ఈ సంగతి కాగితం మీద ఉంది! తెలిసీ కాల్చారు, తెలిసీ అమ్మారు, తెలిసీ దాచారు. ఫ్యాక్టరీల కాలానికి ముందున్న సగటు కంటే ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన తొలి సంవత్సరంగా 2024 నిలిచింది.

"ఒకటిన్నర డిగ్రీలా? ఓస్, ఇంతేనా!" అనుకుంటున్నారా? మిద్దె మీద పడుకుని చూడండి. మా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రి పదిగంటలకల్లా మిద్దె చల్లబడేది, తెల్లారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు అర్ధరాత్రి దాటినా మిద్దె పెనంలా కాలుతోంది. నీళ్లు చల్లితే ఆవిరి లేస్తుంది. 2024 ఎండల్లో నంద్యాలలో 46 డిగ్రీలు దాటింది. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా రాలిపోయారు. వాళ్లెవరు? ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లా? ఉపాధి పనికి పోయినవాళ్లు, గొర్రెలు కాసుకునేవాళ్లు, ముసలీ ముతకా. మన ఇళ్లవాళ్లు!

ఇక వాన. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అంటే ఏమిటి? దప్పిగొన్న గాలి ముందు నేలలోని పదునునంతా పీల్చేస్తుంది, మా జేజినాయన గింజ మాడింది అందుకే. పీల్చిన నీళ్లను చాలాకాలం దాచిపెట్టి ఒక్కరోజున ఎత్తి కుమ్మరిస్తుంది. ఏడాది మొత్తం కూడితే వాన లెక్క సరిపోయినట్టే ఉంటుంది, పైరుకు మాత్రం చాలదు. లెక్కలో నిండిన వాన కుంటలో నిండదు!

2009 గుర్తుందా? నేనప్పుడు మూడో తరగతి. 1972 తర్వాత అంత లోటు నైరుతి రుతుపవనాలను దేశం చూడలేదన్న ఏడు అది. సెప్టెంబరు దాకా కరువు, కరువు అనే మాటే విన్నాం. అక్టోబరు 2 నాటికి తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచేశాయి. పందొమ్మిది లక్షల క్యూసెక్కుల వరదకు కట్టిన శ్రీశైలానికి పాతిక లక్షలకు పైగా వచ్చి పడింది. 885 అడుగుల దగ్గర ఆగవలసిన నీళ్లు 896 దాకా లేచాయి. కర్నూలు నుంచి మా పిన్ని తడిబట్టలతో మా ఇంటికి వచ్చింది. కొంగులో చుట్టుకొచ్చిన తన పదో తరగతి మార్కుల జాబితాను మా దండెం మీద ఆరేసి, అక్షరాలు కారిపోతుంటే ఊదుతూ కూర్చుంది. ఎనిమిదేళ్ల పిల్లాడిగా నాకు గుర్తున్నది ఆ ఊదడమే. ఒక్క వరదను వేలెత్తి చూపి "ఇది ఫలానా పొగ వల్లే" అని శాస్త్రజ్ఞులు చెప్పరు, నేనూ చెప్పను. కానీ కరువూ వరదా ఒకే ఏడాదిలో ఒకే జిల్లా మీద పడటం, కుంభవృష్టులు తరచు కావడం, వేడెక్కిన గాలి చేసే పని ఇలాంటిదేనని మాత్రం వాళ్లు ముక్తకంఠంతో చెబుతున్నారు. మన పక్క కడప జిల్లాలో 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఏమయింది? పైన పింఛ కట్ట తెగి, కింద చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి, పులపత్తూరు, తొగూరుపేట ఊళ్ల మీదికి ఏరు ఏరంతా వచ్చి పడింది. కరువు సీమలో నీళ్లలో కొట్టుకుపోయి చచ్చారు మనుషులు!

ఆ కుంభవృష్టి ఊరికే పోదు. మన చేల పైమట్టిని ఊడ్చుకుపోతుంది. ఎక్కడికి? శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 దగ్గరికి తగ్గిపోయింది. తుంగభద్ర డ్యాము 133 నుంచి 105కు దిగింది. ఆ పూడిక ఏమిటనుకున్నారు? తరతరాలు ఎరువు తోలి, గుంటక తోలి, మన పెద్దలూ ఎగువ రైతులూ బంగారంలా చేసుకున్న మట్టి అది! శ్రీశైలం నీళ్లలో మునిగే సంగమేశ్వరం గుడి చూడటానికి ఎండాకాలం బైకుల మీద పోతాం కదా, నీళ్లు తగ్గి గోపురం తేలితే సెల్ఫీలు దిగుతాం కదా. ఈసారి పోయినప్పుడు కాళ్ల కింద ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రును ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో మీ చేను కూడా ఉంది.

ఇంకొక్క మాట, మన పక్క మిడుతూరు మండలం గురించి. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. మనిషి నడుమంత ఎత్తున్న పిట్ట. ఒకప్పుడు పదుల సంఖ్యలో తిరిగేదట. నేను నాలుగుసార్లు పోయాను, ఒక్క ఈక కూడా చూడలేదు. దేశం మొత్తంలోనే స్వేచ్ఛగా తిరిగేవి నూటయాభైకి మించి మిగల్లేదు. వాతావరణమొక్కటే దాన్ని తరిమిందని అంటే అబద్ధమవుతుంది, గడ్డిభూములను దున్నేయడం, పైర్లు మారిపోవడం పెద్ద కారణాలు. అయినా అడుగుతున్నాను: మన ఇంటి పక్క నుంచి అంత పెద్ద పిట్ట మాయమైపోతుంటే మనలో ఎంతమందికి తెలిసింది? ఎవరి రీల్లో కనిపించింది?

ఈ పాపంలో మన వాటా ఎంత? తక్కువే! అమెరికాలో మనిషికి సగటున ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో దాదాపు 2 టన్నులు. కోసిగి నుంచి పిల్లా పాపను వెంటబెట్టుకుని గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయే తల్లి వాటా అందులో ఎంతుంటుంది? ఆమె కట్టె పొయ్యి పొగకా ఈ శిక్ష? ఇది అన్యాయం, పచ్చి అన్యాయం! ఆ మాట గొంతెత్తి అడగవలసిందే. కానీ అంతటితో చేతులు దులుపుకుంటే మనం మోసపోతాం. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం గొట్టాలు ఎవరి కోసం పొగ కక్కుతున్నాయి? మన ఫ్యాన్ల కోసం కూడా. కేసీ కాలువ కింద వరిగడ్డికి నిప్పు పెడుతున్నదెవరు? అవసరానికి రెండింతలు యూరియా చల్లి గాలిలోకి వదులుతున్నదెవరు? ఉన్న నాలుగు వేపచెట్లూ కొట్టేసి ప్లాట్లు వేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నదెవరు? మనమే కదా! నిప్పు పొరుగువాడే పెట్టాడనుకుందాం. కాలేది మన వామి అయినప్పుడు నీళ్ల బిందె ఎవరు ఎత్తాలి?

"మనమెంత, మన చేతిలో ఏముంది" అని గొణగకండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది! పసిఫిక్ సముద్రంలో వనువాటు అని ఒక దేశం ఉంది, జనాభా మన ఒక పెద్ద పట్టణమంత. 2019లో అక్కడి న్యాయకళాశాల తరగతి గదిలో ఇరవై ఏడుమంది విద్యార్థులు కూర్చుని, ప్రపంచ న్యాయస్థానం చేత ఈ అన్యాయం మీద మాట చెప్పించాలని తీర్మానించుకున్నారు. నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లు మాత్రం దీవి దీవికీ తిరిగి, దేశదేశాన్నీ ఒప్పించి, 2023లో ఐక్యరాజ్యసమితి చేత తీర్మానం చేయించారు. 2025 జులై 23న హేగ్‌లో ప్రపంచ న్యాయస్థానం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని. ఇరవై ఏడుమంది! మన డిగ్రీ కాలేజీలో ఒక్క సెక్షన్‌లో ఉండే పిల్లల్లో సగం!

అంత దూరం ఎందుకు, మన కర్నూలునే చూడండి. ఇక్కడ పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును 1907లో రాజమండ్రి కాలేజీలో వందేమాతరం అన్నందుకు వెళ్లగొట్టారు. సర్కారు ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు. అప్పటికి ఆయన వయసెంత? ఇరవై మూడు! సర్కారు ఉద్యోగం ఒక్కటే బతుకనుకునే మనం ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్లం? ఏడ్చుకుంటూ ఊరికి పోయేవాళ్లం. ఆయన పత్రిక నడిపాడు, జైలుకు పోయాడు, ఊరూరా గ్రంథాలయాలు పెట్టించాడు. ఉద్యోగానికి చదవొద్దని నేననడం లేదు. చదవండి, తెచ్చుకోండి, మీ అమ్మ కళ్లు తుడవండి. కానీ నోటిఫికేషన్ వచ్చేదాకా మన రక్తమాంసాలను టీ అంగడి బల్ల మీద కుదువ పెట్టి కూర్చుంటామా? నోటిఫికేషన్ కోసం మూడేళ్లు ఆగగలం, ముంగారి వాన కోసం నేల ఒక్క వారం కూడా ఆగదు!

మరి ఏం చేయాలి? పనికి కొదవా! వానలకు ముందే నవధాన్యాల గింజలకు మట్టీ బూడిదా పట్టించి ఎండునేలలో చల్లి, నేలను ఏడాది పొడుగునా పచ్చగా కప్పి ఉంచే పద్ధతి మన రాష్ట్రపు ప్రకృతి సేద్యంలో ఉంది. గింజ చుట్టూ ఆ పట్టు ఉంటే చిన్న చినుకుకు తొందరపడి మొలిచి మాడిపోదు, చాలినంత వాన కోసం ఆగుతుంది. ఆ సేద్యానికి 2024లో పోర్చుగల్‌వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ప్రపంచం వచ్చి చూసిపోతున్నది మన అక్కలు చేసే పనిని, మనం చూశామా? నంద్యాల పరిశోధనా స్థానంవాళ్లు సూర్యనంది అని ఒక కొర్ర రకాన్ని తయారుచేశారు, డెబ్బై, డెబ్బై అయిదు రోజుల్లో కోతకు వస్తుంది. పత్తి చేతికి రావడానికి అయిదారు నెలలు పట్టే చోట ఇది రెండున్నర నెలల్లో కడుపు నింపుతుంది. జొన్న రొట్టె, కొర్రన్నం తిని పెరిగిన జేజినాయన ఎనభై ఏళ్లకు చేలో కూర్చుని వేలితో నేల తవ్వుతున్నాడు. మనం ఇరవై అయిదుకే మెట్లెక్కి ఆయాసపడుతున్నాం!

గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి కరెంటు ఇస్తోంది. కట్టిన నాటికి ఒకేచోట అంత పెద్దది ప్రపంచంలో లేదన్నారు. మనల్ని కాల్చే ఎండ దేశానికి దీపం పెడుతోంది! ఆ పలకలను బిగించే పని, చూసుకునే పని, రేపు అంతకన్నా మంచివి తయారుచేసే పని మన పాలిటెక్నిక్ పిల్లలది కావాలి. కాపలా ఉద్యోగం ఒక్కటే మనదయితే ఎట్లా? భూములిచ్చిన ఊళ్ల పిల్లలకు ఎన్ని ఉద్యోగాలొచ్చాయో గ్రామసభలో నిలబడి అడగండి. గ్రామసభకు ఎప్పుడైనా పోయారా? ముసలివాళ్లు నలుగురు సంతకం పెట్టి వస్తుంటారు. అక్కడ ఇరవైమంది యువకులు, ఇరవైమంది ఆడపిల్లలు వెనకబల్ల వదిలి ముందుకొచ్చి కూర్చుంటే చెరువు లెక్క, చెట్ల లెక్క, ఉపాధి పనిలో ఏ కుంట తవ్వారో ఆ లెక్క అన్నీ బయటికి రావూ? ప్రతి ఊరి బడి మీదా ఒక వానమానిక పెట్టి, రోజూ ఎన్ని మిల్లీమీటర్లో నోటుబుక్కులో రాసేవాళ్లు ఒక్కరుంటే, అయిదేళ్లకు మన ఊరి వాన గురించి మనకన్నా తెలిసినవాడు ఎక్కడుంటాడు? ఫోనులో గంటలు గంటలు పోసే ఆ కళ్లు, ఆ వేళ్లు ఒక్క పది నిమిషాలు దీనికి పెట్టలేవా?

బలం లేదా మనకు? ఉంది! ఉరుసులో, తిరునాళ్లలో గుండు ఎత్తే భుజాలు ఇవి. క్రికెట్ పిచ్ కోసం మిట్టమధ్యాహ్నం కంప కొట్టి చదును చేసిన చేతులు ఇవి. హీరో కటౌటుకు పాలాభిషేకం చేయడానికి అరవై అడుగులు ఎక్కిన కాళ్లు ఇవి. ఈ బలం ఒక్క ఎండాకాలం కుంటల వైపు తిరిగితే! ఈ గొంతులు ఒక్క ఏడాది నేల కోసం లేస్తే! ఈ చదువు ఒక్కసారి మన చేనును చదివితే! పోతిరెడ్డిపాడు తూములు మన పక్కనే, మల్యాల పంపులు మన మండలంలోనే, మల్యాలలో ఎత్తిపోసిన నీళ్లు అనంతపురం దాకా పోతాయి. ఇంత నీటి దారి మీద పుట్టినవాళ్లం, నేలను దాహానికి వదిలేసి బెంగుళూరు బస్సెక్కుతామా? మన తర్వాత పుట్టేవాడు నల్లరేగడిలో వేలు పెట్టి తవ్వితే అతని వేలికి ఏ గింజ తగలాలో ఇప్పుడు నిర్ణయించేది మనం. జేజినాయన కాదు, కలెక్టరు కాదు, హేగ్‌లో జడ్జీలు కాదు. మనం! ఇవాళ! ఈ ముంగారికి!

మా చేని పక్కన ఒక కుంట ఉంది. మా నాయన చిన్నప్పుడు అందులో ఈత నేర్చుకున్నాడు. ఇప్పుడు నడుం లోతు పూడిక, గట్టంతా కంపచెట్లు. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు నేనక్కడ ఉంటాను. మా ఇంట్లో మూడు పారలున్నాయి. ఒకటి నాది, మిగతా రెండూ గట్టు మీద పెట్టి ఉంచుతాను. రండి!